మానేటికి ఎగువనే కావలి వలయును

నదీకాలుష్యమును గూర్చి మన పత్రికలలో చర్చ రేగినపుడెల్ల దృష్టి సహజముగా మహానగరముల వైపునకు మరలుచుండును. మూసీనదిపై పొంగు నురుగు, హుస్సేన్‌సాగరపు దుర్గంధము, యమునమీద తేలియాడు తెల్లని తెట్టె, గంగాతీర నగరముల మురుగు, ఇవియే చిత్రములై, ఇవియే వార్తలై, తుదకు ప్రభుత్వ విధానములు సైతము వీనిని చూచియే రూపొందుచున్నవి. ఇది తప్పని నేననను. రోగము ముదిరినవాని ప్రక్కకు వైద్యుడు ముందుగా పోవుట ధర్మమే. కాని ఇంకను పూర్తిగా చెడని నదులు, చెడుట కిప్పుడిప్పుడే ఆరంభించిన వాగులు ఈ దేశమున అసంఖ్యాకములుగా నున్నవి. వానిని కాపాడుటకు పట్టు ధనము స్వల్పము, కాలము స్వల్పము. అయినను అవి చెడి, చెడినవని కొలతలలో తేలి, పట్టికలకెక్కి, న్యాయస్థానములు గద్దించిన పిమ్మట గాని మన యంత్రాంగము కదలదు. మన జలవిధానమునందలి మూలదోషము ఇదియేనని నా విశ్వాసము. ఈ మాటను నేను రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వీర్నపల్లి దిక్కునుండి, అనగా నీరు ఇంకను గుట్టలనుండి తేటగా దిగు చోటినుండి చెప్పదలచితిని.

వీర్నపల్లి, 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఎల్లారెడ్డిపేట మండలమునుండి వేరై స్వతంత్ర మండలమైనది. గుట్టలు, అడవి, వాని నడుమ లంబాడీ తండాలు, గర్జనపల్లి, రంగంపేట, మద్దిమల్ల, అడవిపదిర, కంచర్ల వంటి పల్లెలు, వరిమళ్ళు, పత్తిచేలు: ఇదీ ఆ సీమ స్వరూపము. సాంసద్ ఆదర్శ గ్రామ యోజన వెలసిన తొలినాళ్ళలో నాటి కరీంనగర్ లోక్‌సభ సభ్యులు బి. వినోద్ కుమార్ దత్తతకు ఎన్నుకొనిన ఊరిది. పొగగొట్టములు ఆకాశమును తాకు సీమ కాదు. కాలుష్యమను పదమే ఇక్కడివారికి పట్టణపు మాటగా తోచుట వింత గాదు. అయినను ఇక్కడి వానచినుకు ఒర్రెలో బడి, ఒర్రె కుంటలో నిండి, కుంట మత్తడి దుమికి, వాగై, ఏ దారిని పోయినను తుదకు మానేటి పరీవాహమునకే చేరుచున్నది. ఆ మానేరు ఎక్కడికి పోవుచున్నదో, పోయి ఎవరి కడవలో చేరుచున్నదో గ్రహించినచో, ఈ మారుమూల మండలమును విడిచి నదీవిధానమును వ్రాయుట అసాధ్యమని విశదమగును.

మానేటికి తొలి అడ్డుకట్ట గంభీరావుపేట మండలము నర్మాలవద్ద నిజాం కాలమున నిర్మింపబడిన ఎగువ మానేరు ప్రాజెక్టు. అక్కడినుండి నది తూర్పునకు సాగి, సాంచాల, అనగా మరమగ్గముల, చప్పుడుతో రాత్రింబవళ్ళు మ్రోగు సిరిసిల్ల పట్టణపు ప్రక్కగా నడచి, బోయినపల్లి మండలము మాన్వాడవద్ద నిర్మించిన మధ్య మానేరు జలాశయమున నిలుచుచున్నది. వేములవాడ రాజరాజేశ్వరుని సన్నిధి చెంతగా వచ్చు మూలవాగు సైతము ఆ జలాశయముననే కలియుచున్నది. పాతిక టీఎంసీలకు మించిన నీరు పట్టు ఈ జలాశయము కొరకు కొదురుపాక, నీలోజిపల్లి, చింతల్‌ఠాణా, చీర్లవంచ, అనుపురము, సంకెపల్లి మున్నగు గ్రామముల ప్రజలు తమ ఇండ్లను, పొలములను, పితృదేవతల సమాధులను, ఊరి బొడ్రాయిని నీటికి అప్పగించి లేచిపోయిరి. 2019 లో ఆ జలాశయము తొలిసారిగా నిండినది. ఇది కేవలము సేద్యపు నీరు గాదు. మిషన్ భగీరథ క్రింద వేలాది కుటుంబముల కుళాయిలకు పోవు త్రాగునీటికి ఇదియే ఆధారము.

ఇప్పుడు పాఠకుడు పటమును కన్నులముందు పరచుకొనవలెను. జిల్లాలోని రెండు ప్రధాన పట్టణములు, నేతపని కేంద్రమైన సిరిసిల్లయు, యాత్రాకేంద్రమైన వేములవాడయు, ఒకటి మానేటి మీదను, మరియొకటి మూలవాగు మీదను, రెండును ఈ త్రాగునీటి జలాశయమునకు నేరుగా ఎగువననే యున్నవి. జలాశయపు వెనుకనీరు సిరిసిల్ల పొలిమేరవరకు వచ్చి తాకుచున్నది. అనగా ఆ పట్టణముల వీథికాలువలలో నేడు ప్రవహించునది, నడుమ ఏ శుద్ధియు జరుగనిచో, రేపు మనము త్రాగు నీటిలోని భాగమే. సాధారణముగా ఒక నగరపు మురుగు దిగువనున్న మరియొక నగరమును బాధించును. ఇక్కడ మాత్రము ఒకే జిల్లా ప్రజలు, ఒకే కలెక్టరు అధికారసీమలో, ఒక చేతితో విడిచినదానిని మరియొక చేతితో తోడుకొనుచున్నారు. ఇంతకంటె స్పష్టమైన స్వప్రయోజనము మరియే నదికిని లేదు.

సిరిసిల్ల పురపాలకసంఘము మరుగుదొడ్ల ట్యాంకులనుండి తీసిన మడ్డిని శుద్ధిచేయు కేంద్రమును నెలకొల్పి ఇతర చిన్నపట్టణములకు మార్గము చూపినది. దానిని మెచ్చుకొనవలెను. అయితే ట్యాంకునుండి బండిలో తీసికొనిపోవు మడ్డి వేరు, స్నానపు నీరు, వంటింటి నీరు, బట్టలుతికిన నీరు కలిసి అహోరాత్రములు కాలువలలో సాగిపోవు మురుగు వేరు. మొదటిదానికి మార్గము దొరికినంతమాత్రమున రెండవది శుభ్రపడదు. వేములవాడ సంగతి ఇంకను జటిలమైనది. శివరాత్రికి, సోమవారములకు, సమ్మక్క సారలమ్మల జాతరకు ముందు వెనుకలను వచ్చు లక్షలాది భక్తులు ఊరి జనాభాను కొన్ని దినముల పాటు ఎన్నో రెట్లు పెంచుదురు. పట్టణపు నిత్యజనాభా లెక్కను బట్టి కట్టిన ఏ శుద్ధికేంద్రమును ఆ దినములలో చాలదు. స్నానమునకు తగిన నీరనుటకు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలత ఒకటున్నది. నూరు మిల్లీలీటర్ల నీటిలో మలసంబంధ కోలిఫారము సంఖ్య 500 లోపుండుట వాంఛనీయము, 2,500 దాటుట నిషిద్ధము. రాజన్న దర్శనమునకు వచ్చి మూలవాగులో మునుగు భక్తునికి, ఆ నాటి నీటిలో ఆ సంఖ్య ఎంతయో తీరమున ఒక పలకమీద వ్రాసి చూపుట ప్రభుత్వమునకు కష్టమైన పనియా?

ఇక అద్దకపు నీటి విషయము. దీనిని నేను మిక్కిలి జాగ్రత్తతో చెప్పవలసియున్నది. ఏలయనగా సిరిసిల్ల పేరు వినగానే తెలుగువారి మనసున మెదలు చిత్రము సంపదది గాదు, కష్టముది. పాతికవేలకు పైబడిన సాంచాల మీద ఆధారపడి అక్కడ వేలాది కుటుంబములు బ్రతుకుచున్నవి. పని లేక, అప్పు తీరక ప్రాణములు తీసికొనిన నేతకార్మికుల కథలు దేశమంతటను తెలిసినవే. పాలిస్టరు బట్టతోపాటు అక్కడ లంగాలకు వాడు నూలుగుడ్డయు నేయబడుచున్నది. ఆ నూలుగుడ్డకు రంగు వేయవలెను. నూలునకు రంగు పట్టుటకు ఉప్పు కావలెను, క్షారము కావలెను. రసాయనిక రంగులలో కొన్నిటికి లీటరు రంగునీటికి పదుల గ్రాముల ఉప్పు వాడుదురు. గుడ్డకు పట్టిన రంగు గుడ్డతో పోవును, పట్టని రంగు నీటితో పోవును, ఉప్పు మాత్రము ఇంచుమించు అంతయు నీటితోనే పోవును. రంగు కంటికి కనబడును గనుక జనులు దానిని చూచి భయపడుదురు; కంటికి కనబడని ఉప్పును గూర్చి ఎవరును భయపడరు. కాని బావిని చెడగొట్టునది, చేనును చవుడు చేయునది ప్రధానముగా ఆ ఉప్పే. గుంటలో నిలిపి తేర్చినంతమాత్రమున, సున్నము పటిక కలిపి రంగు విరిచినంతమాత్రమున నీటిలో కరగిన లవణము తొలగదు. దానిని తొలగించుటకు పొరలద్వారా వడియగట్టుట, మరిగించి ఆవిరిచేయుట వంటి ఖరీదైన పద్ధతులే శరణ్యము. ఇద్దరు ముగ్గురు కూలీలతో నడచు చిన్న అద్దకపు కార్ఖానా యజమాని ఆ ఖర్చును భరింపలేడు. ఈ సత్యమును ఒప్పుకొనక, ఒక నోటీసు అంటించి, ఒక తాళము వేసి, కొన్ని నెలలకు తాళము తీయుటయే కాలుష్య నియంత్రణమని భావించుట వలన నదికిని మేలు లేదు, కార్మికునికిని మేలు లేదు.

ఈ ఉపేక్ష ఎక్కడికి కొనిపోవునో తెలిసికొనుటకు తమిళనాటి తిరుప్పూరు చరిత్ర చాలును. కావేరికి ఉపనదియైన నొయ్యల్ ఒడ్డున వెలసిన ఆ బనియన్ల నగరము ప్రపంచమునకంతకు బట్టలు పంపి, ధనము నార్జించి, తన నదిని మాత్రము రంగునీటి కాలువగా మార్చుకొనినది. 1992 లో సేద్యము కొరకు కట్టిన ఒరత్తుపాళయము ఆనకట్ట కొద్ది యేండ్లలోనే అద్దకపు నీటి నిలువగా మారగా, ఏ రైతుల కొరకు ఆనకట్ట కట్టిరో ఆ రైతులే ఆ నీరు మాకు వలదని న్యాయస్థానమునకు పోవలసివచ్చినది. నీటి కొరకు పోరాడు రైతులను మనమెరుగుదుము. నీరు వలదని పోరాడు రైతు ఎంతటి దుఃఖమును అనుభవించియుండునో ఊహింపవలెను. తుదకు 2011 జనవరిలో మద్రాసు ఉన్నత న్యాయస్థానము, నదిలోనికి చుక్కయు విడువని పద్ధతి నెలకొల్పువరకు అద్దకపు కేంద్రములన్నియు మూతవడవలెనని ఆదేశించినది. ఏడువందలకు పైబడిన కేంద్రములు ఒక్కసారిగా నిలిచిపోయెను. వేలకొలది కూలీలు సంచులు సర్దుకొని స్వగ్రామములకు పోయిరి. పిమ్మట ప్రభుత్వము వడ్డీలేని ఋణములిచ్చి శుద్ధికేంద్రములను నిలబెట్టినది. పరిశ్రమ తిరిగి లేచినది. ఆ సహాయమేదో ఇరువదేండ్లు ముందుగా అందియున్నచో నొయ్యల్ ఇట్లగునా? కూలీకి ఆ దినములు వచ్చునా? సిరిసిల్ల తిరుప్పూరంత పెద్దది గాదు. అందువలననే ఇక్కడ ఇప్పుడే సరిదిద్దుకొనుట సాధ్యము.

సరిదిద్దుటకు ప్రభుత్వము చేత ఒక విశేషమైన సాధనమున్నది. 2017 నుండి కొన్నేండ్లు బతుకమ్మ చీరల పేరిటను, ఇటీవల స్వయంసహాయక సంఘముల మహిళలకిచ్చు చీరల పేరిటను, బడిపిల్లల దుస్తుల పేరిటను సిరిసిల్ల బట్టకు అతిపెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే. కొనువాడే ధర నిర్ణయించును. ఆ ధరలో కార్మికుని కూలి ఉన్నట్లే, నీటిని శుద్ధిచేయు వ్యయమును ఒక అంశముగా చేర్చి, సామూహిక శుద్ధికేంద్రమును ప్రభుత్వవ్యయముతో నిలిపి, దానిని నడుపు ఖర్చును గజము బట్టకు ఇంతయని కొనుగోలు ధరనుండియే సమకూర్చినచో, అద్దకపువాడు దొంగచాటుగా రాత్రివేళ కాలువ తూము తెరువవలసిన అగత్యముండదు. బతుకమ్మను మానేటి ఒడ్డునకు కొనిపోయి పూవులను నీటిలో విడుచు ఆడబిడ్డ కట్టిన చీర, ఆ నీటిని చెడగొట్టకుండ నేయబడి రంగు వేయబడినదని చెప్పగల స్థితి రావలెను. ఇది అత్యాశ కాదు. లెక్కలు వేసి చేయదగిన పనియే.

చట్టములు లేవా యని కొందరడుగుదురు. ఉన్నవి. నీరు రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల జాబితాలోనిది గనుక, కొన్ని రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరగా, 1974 లో పార్లమెంటు జలకాలుష్య నివారణ, నియంత్రణ చట్టమును చేసినది. దాని క్రింద కేంద్రమునను రాష్ట్రములందును కాలుష్య నియంత్రణ మండలులు ఏర్పడినవి. మన రాష్ట్ర మండలి 2014 లో తెలంగాణముతోపాటు పుట్టినది. మలినమైన నీటిని వాగులో గాని, బావిలో గాని, నేలమీద గాని అనుమతిలేక విడుచుట నిషిద్ధమని ఆ చట్టము స్పష్టముగా పలుకుచున్నది. 1991 లో సుభాష్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, కాలుష్యరహితమైన నీరును గాలిని పొందుట రాజ్యాంగపు 21 వ అధికరణమునందలి జీవించు హక్కులో అంతర్భాగమని ప్రకటించినది. 2018 లో కేంద్ర మండలి 323 నదులలో 351 కలుషిత భాగములను గుర్తించి జాబితా ప్రకటింపగా, జాతీయ హరిత ట్రిబ్యునల్ తనంత తానుగా ఆ విషయమును చేపట్టి, ప్రతిరాష్ట్రమునను నదీ పునరుజ్జీవన సంఘములను ఏర్పాటు చేయవలెనని శాసించినది. ఆ జాబితాలో తెలంగాణమునకు చెందిన నదులలో మూసీ, మంజీర, నక్కవాగు, కిన్నెరసాని, గోదావరి, కృష్ణలతోపాటు మానేరు పేరును కలదు.

అయితే ఆ జాబితా ఎట్లు తయారగునో గమనింపవలెను. నీటిలోని మాలిన్యమును సూక్ష్మజీవులు జీర్ణించుకొనుటకు ఎంత ప్రాణవాయువు కావలెనో తెలుపు బీఓడీ యను కొలత, లీటరునకు 3 మిల్లీగ్రాములు దాటినచోట నది కలుషితమైనదని లెక్క. 30 దాటినచో ప్రథమ శ్రేణి. ఎంత హెచ్చుగా చెడినదో అంత ముందుగా శ్రద్ధ. మూడునకు లోపున్న వాగునకు జాబితాలో చోటు లేదు, చోటు లేనిదానికి ప్రణాళిక లేదు, ప్రణాళిక లేనిదానికి పైకము లేదు. మానేటిలో సైతము కొంతభాగమే పట్టికకెక్కినది. వీర్నపల్లి ఒర్రెలును మూలవాగు పుట్టిన గుట్టలును ఏ కాగితమునను కానరావు. పైగా ఆ ఒక్క కొలత ఉప్పును పట్టదు, పురుగుమందును పట్టదు. అద్దకపు నీరు కలిసిన వాగునకు బీఓడీ తక్కువగా వచ్చి, యోగ్యతాపత్రము లభించుట అసంభవమేమియు గాదు. చెడిన పిమ్మట లేచు చట్టమును చెడకమునుపే నిలుపు చట్టముగా మార్చనిదే, ఎన్ని సంఘములు కూర్చుండినను ప్రయోజనము స్వల్పము.

చెడిన పిమ్మట న్యాయమునకై తిరుగుట ఎట్లుండునో తెలుగుదేశమున పటాన్‌చెరు రైతుకంటె బాగుగా ఎవరికిని తెలియదు. పారిశ్రామికవాడ విడిచిన రసాయనజలములచే నక్కవాగు చెడి, బావులు చెడి, పైరులు మాడి, పశువులు కూలగా, 1990 లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము పడినది. న్యాయమూర్తులు నివేదికలు తెప్పించిరి, నష్టపరిహారములు విధించిరి, సామూహిక శుద్ధికేంద్రము వెలసినది. ఆ వ్యాజ్యము ఉన్నత న్యాయస్థానమునకు, అటనుండి హరిత ట్రిబ్యునల్‌నకు సాగి, పాతికేండ్లకు మించి నడచినది. అడిగినవారిలో ఎందరో ముసలివారైరి. పరిహారపు పైకము వచ్చినను పాత బావి రాలేదు. ఆ కథ మానేటికి రాకూడదు.

రాకుండుటకు మార్గము మన రాష్ట్రచరిత్రముననే యున్నది. హైదరాబాదు నగరమునకు దశాబ్దముల తరబడి త్రాగునీరిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములను కాపాడుటకై 1996 మార్చి 8 న నాటి ప్రభుత్వము 111 సంఖ్యగల ఉత్తరువు జారీచేసి, జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములలో, మాలిన్యకారక పరిశ్రమలను నిషేధించినది. ఆ పరిధిలో ఒక నూనెల కర్మాగారమునకు ప్రభుత్వమే మినహాయింపు నిచ్చినపుడు, కాలుష్య మండలికిని ప్రొఫెసర్ ఎం.వి. నాయుడునకును నడుమ నడచిన వ్యాజ్యములో, మన తెలుగువాడైన న్యాయమూర్తి ఎం. జగన్నాథరావు 1999 లో వ్రాసిన తీర్పు దేశపు పర్యావరణ న్యాయశాస్త్రమునకే దారి చూపినది. హాని జరుగునని నిరూపింపవలసిన భారము ప్రజలమీద లేదు, జరుగదని నిరూపింపవలసిన భారము కట్టదలచినవానిదే. హాని సంభవించునను సంశయమే అడ్డుకొనుటకు చాలిన కారణము. ఇదీ ఆ తీర్పు సారము. ఆ 111 వ ఉత్తరువును 2022 లో ప్రభుత్వము సడలించినది, అదియు నగరపు త్రాగునీటికి ఇక ఆ జలాశయములు అంతగా అక్కరలేదను వాదముతో. ఆ వాదము సరియైనదని నేనంగీకరింపను. కాని దానిని ఒప్పుకొన్నవారు సైతము ఒక్క ప్రశ్నకు ఉత్తరమీయవలెను. త్రాగునీటికి అక్కర తీరినదని రక్షణ తొలగించినపుడు, త్రాగునీటికి నేడు అక్కరయైన మధ్య మానేటికి ఆ రక్షణ ఏల లేదు? నగరవాసి కడవకు వర్తించిన నీతి సిరిసిల్ల నేతగాని కడవకు వర్తింపదా?

నా మాట ఇంతే: మధ్య మానేరును త్రాగునీటి జలాశయముగా గుర్తించి, దాని ఎగువ పరీవాహమంతటికిని, మూలవాగు జన్మస్థానమువరకును, నర్మాల కట్టవరకును, ఒక ప్రత్యేక రక్షణోత్తరువు కావలెను. ఉన్న ఊళ్ళను, ఉన్న సేద్యమును, ఉన్న నేతపనిని అది బాధింపరాదు. రాబోవు మాలిన్యకారక కర్మాగారములను మాత్రము గట్టిగా నిలువరింపవలెను. ఉన్నవానికి శుద్ధిసాధనములను ప్రభుత్వమే సమకూర్పవలెను.

ఇట్టి రక్షణలో ఎగువవారికి త్యాగము మాత్రమే మిగులునని శంకింపనక్కరలేదు. న్యూయార్కు నగరము తన నీటిలో సింహభాగమును కాట్‌స్కిల్, డెలావేరు కొండలనుండి తెచ్చుకొనును. 1990 దశకమున, వడపోత కేంద్రము కట్టవలెనని ఒత్తిడి రాగా, వందల కోట్ల డాలర్లు పోసి యంత్రములు నిలుపుటకంటె, నీరు పుట్టు కొండపల్లెలకే సొమ్ము చెల్లించుట చవుక యని ఆ నగరము లెక్కవేసి తెలిసికొనినది. 1997 లో పల్లెలతో ఒడంబడిక కుదిరినది. రైతుల కొట్టములనుండి పేడనీరు వాగులోనికి పోకుండ కట్టడములు, ఇండ్ల మరుగుదొడ్ల ట్యాంకుల మరమ్మతు, ఏటిగట్లపై చెట్లు, ఇవన్నియు నగరపు సొమ్ముతో జరిగినవి. నేటికిని ఆ నీటిలో అత్యధికభాగము వడపోత లేకనే నగరమునకు చేరుచున్నది. మన పద్ధతి దీనికి విపరీతము. అడవిని కాచి, కుంటను కాచి, నీటిని తేటగా దిగువకు పంపు తండావానికి మనము ఇచ్చునది ఏమియు లేదు. వీర్నపల్లి గ్రామపంచాయతీలకు, వాగునీటి పరీక్షలో మేలైన ఫలితము వచ్చిన ప్రతియేటను, దిగువ పురపాలక సంఘములును నీటిపారుదల శాఖయును ఒక నిర్ణీతమైన మొత్తమును చెల్లించు ఏర్పాటు చేసినచో, ఆ డబ్బుతో ఆ పంచాయతీలు తమ కుంటలను పూడిక తీయించుకొనును, చెత్తను వాగులో గాక వేరొకచోట చేర్చుకొనును. నీటిని కాచువానికి కూలి ఈయని సమాజము, నీరు చెడినదని ఎవరిని నిందించును?

ఎగువవారి బాధ్యతను గూర్చి మౌనము వహించుట కూడ న్యాయము కాదు. పత్తికి మందు కొట్టిన డబ్బాను, పంపును వాగులోనే కడుగుట మన పల్లెలలో ఇంకను మానలేదు. ఖాళీ మందుసీసా ఒర్రెలోనే దొరలుచుండును. పైరు పీల్చుకొనగా మిగిలిన యూరియా వాననీటితో కలిసి కుంటను చేరి పచ్చని నాచును పెంచుచున్నది. ఇసుక సంగతి మరియొకటి. మానేటి ఇసుక ఎంతటి ధనమో, దాని లారీలు ఎంతటి అశాంతిని తెచ్చినవో నేరెళ్ళలో ఇసుక లారీలపై జనాగ్రహము పెల్లుబికిన 2017 నుండి అందరును ఎరిగినదే. కాని ఇసుక నదికి ఆభరణము గాదు, అవయవము. ఇసుకలో చెలిమె తీసి, ఊరిన నీటిని ముంతతో ముంచి త్రాగిన తరమువారికి, ఆ నీరేల అంత తేటగా నుండెనో ఎవరును చెప్పనక్కరలేదు. బారెడు లోతు ఇసుక పొరలలో నీరు మెల్లగా జారునపుడు మలినము ఆగిపోవును. ఇసుకను ఎత్తి రాతిపలకను మిగిల్చిన నది, తన్ను తాను శుద్ధిచేసికొను శక్తిని కోల్పోవును. అట్టి నదిలో అదే మురుగు రెండింతల హాని చేయును. కాలుష్యము ఒక శాఖ, ఇసుక మరియొక శాఖ, సేద్యము వేరొక శాఖ అని విడదీసి చూచువరకు ఈ ముడి విడదు.

మరియొక విషయమును మనము తలపనేలేదు. పూర్వము నదికి ఒకే దిక్కుండెను. విడిచినది తిరిగి రాదను ధీమా మనుష్యునికుండెను. కాళేశ్వరము ఎత్తిపోతల ఆ ధీమాను తొలగించినది. 2019 లో ప్రారంభమైన ఆ పథకపు నిర్మాణము ప్రకారము, మానేరు గోదావరిలో కలిసిన తరువాతి నీటిని సైతము పంపులతో మెట్టు మెట్టుగా ఎత్తి గోదావరిమీది ఎల్లంపల్లి జలాశయమునకు, అక్కడినుండి మరల మధ్య మానేటికి చేర్పవలెను. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజి కుంగిన పిదప పథకపు దిగువభాగము నిలిచిపోయినను, ఎల్లంపల్లినుండి నీరు ఎత్తుట సాగుచునేయున్నది. ఆ ఎల్లంపల్లికి వచ్చు గోదావరి, ధర్మపురిని, జగిత్యాల జిల్లా పల్లెలను, పట్టణములను తాకి వచ్చు గోదావరి. కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల వాగులలో పడిన మురుగు, వంక తిరిగి, పైపులెక్కి, సొరంగములు దాటి, సిరిసిల్ల చెంతకు రాగల కాలమిది. దిగువ యనునది ఇక లేదు. ఒకరి దిగువ మరియొకరి ఎగువ. కరెంటు బిల్లు కట్టి ఎత్తిన ప్రతి నీటిబొట్టును మలినము చేయుట, సొమ్మును కూడ వాగులో పోయుటయే.

ఈ సమయమున చట్టపు పట్టు బిగియవలసియుండగా, గాలి మాత్రము వేరొక వైపు వీచుచున్నది. 2024 ఫిబ్రవరిలో పార్లమెంటు 1974 నాటి చట్టమును సవరించి, అనేక అపరాధములకు జైలుశిక్షను తొలగించి, పదివేల రూపాయలనుండి పదిహేను లక్షలవరకు జరిమానాతో సరిపెట్టినది. చిన్న పొరపాటునకు కారాగారమేల యను వాదములో కొంత న్యాయము లేకపోలేదు. కాని కోట్ల వ్యాపారము చేయువానికి పదిహేను లక్షల జరిమానా శిక్ష గాదు. అది అతని పద్దుపుస్తకమున ఒక ఖర్చు. ఏ రాష్ట్రమైనను ఈ సవరణమును తనకు వర్తింపజేసికొనుటకు శాసనసభ తీర్మానము కావలెను. మన శాసనసభ్యులు ఇట్టి తీర్మానములకు చేయి ఎత్తునపుడెల్ల నొయ్యల్‌ను, నక్కవాగును ఒక్కసారి తలచుకొందురు గాక.

ప్రజల చేతిలోను కొంత బలమున్నది. అదే చట్టమునకు 1988 లో జరిగిన సవరణము ప్రకారము, అరువది దినముల ముందు మండలికి నోటీసు ఇచ్చిన ఏ పౌరుడైనను కాలుష్యకారకునిపై న్యాయస్థానమున స్వయముగా ఫిర్యాదు చేయవచ్చును. అయితే ఫిర్యాదు చేయుటకు లెక్కలు కావలెను. లెక్కలు కార్యాలయపు బీరువాలో నున్నవి. పట్టణములో ఎన్ని కాలువలు శుద్ధికేంద్రమునకు పోవుచున్నవి, ఎన్ని నేరుగా నదిలో పడుచున్నవి, అద్దకపు కేంద్రములలో ఎన్నిటికి అనుమతి యున్నది, నెలనెలకు వాగునీటి పరీక్షలో ఉప్పెంత, ప్రాణవాయువెంత, క్రిములెన్ని, ఇవి తెలుగులో, గ్రామపంచాయతీ గోడమీద, అందరికి కనబడునట్లు వ్రాయవలెను. ధాన్యపు మద్దతుధరను గోడమీద వ్రాయుచున్నారు గదా, నీటి నాణ్యతను వ్రాయుటకు అడ్డేమి?

2027 లో గోదావరి పుష్కరములు రానున్నవి. ధర్మపురిలోను, కాళేశ్వరములోను మెట్లు కట్టుటకు, రంగులు వేయుటకు, దీపములు పెట్టుటకు కోట్లు వెచ్చించెదరు. ఆ ధనములో సగమైనను మెట్లక్రిందికి వచ్చు నీటికి, అనగా కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల, వేములవాడ పట్టణముల మురుగు శుద్ధికి కేటాయింపుమని ప్రభుత్వమును కోరుచున్నాను. పుష్కరములకు ముందే మధ్య మానేటి ఎగువ పరీవాహమునకు రక్షణోత్తరువు జారీ కావలెను. వీర్నపల్లి మొదలు వేములవాడ వరకు ఈ వాగుల ఒడ్డుననున్న ప్రతి గ్రామసభయు రాబోవు సమావేశముననే ఆ మేరకు తీర్మానము చేసి కలెక్టరునకు పంపవలెనని, ఈ పంక్తులు చదువు సర్పంచులను, వార్డుసభ్యులను, మహిళాసంఘముల వారిని పేరుపేరున ప్రార్థించుచున్నాను.